మార్పు: ఒక గడి

కవిటి ఆసుపత్రిలో నెత్తురు తీయడం నా పని.
పదకొండేళ్లు.
మోచేతి మడతలో నరం దొరక్కపోతే
అరచేయి బోర్లా తిప్పుతాను.
జీడిపిక్కలు కొట్టిన చేతులైతే
చూపుతో కాదు, వేలితో వెతకాలి.
పిక్క నూనె కాల్చిన తోలు కింద
నరం దాక్కుంటుంది.

ఆ రోజుల్లో పరిశోధకులు వచ్చేవారు
జీపుల్లో, ఐసు పెట్టెలతో.
బోరింగు నీళ్లు, బియ్యం, మట్టి,
మనిషికి మూడేసి గొట్టాల నెత్తురు, ఒక వేలిముద్ర.
నేను లేబుళ్లు అంటించేవాణ్ని.
పెట్టెలు రైలెక్కేవి.
రైలు వెళ్లాక ప్లాట్‌ఫారం మీద
కరిగిన ఐసు తడి.

"ఏటి తేలింది బావూ?"
సంతలో అడిగేవారు, ఆటోలో అడిగేవారు,
చావింట్లో కూడా.

ఒక రాత్రి ఫోనులో దొరికింది ఆ వ్యాసం.
మా బోరింగు నీళ్ల మీదే.
ఆరు వాక్యాల సారాంశం,
దాని కింద గడియపెట్టిన తలుపు:
లోపలికి రావాలంటే ముప్పై అయిదు డాలర్లు.
నూతి నీళ్లు మావే.
చేద మాత్రం వాళ్ల దగ్గరుంది.

మొన్న జ్యేష్ఠంలో
సోంపేట డయాలసిస్ గదిలో పనిచేసే దున్న యామిని
తలుపు లేని చోటొకటి చూపించింది.
"ఖాతా అక్కర్లేదు, డబ్బులక్కర్లేదు, దించుకో."
వ్యాసం, వ్యాసం వెనకాల లెక్కలు,
ఆ లెక్కలు ఎలా కట్టారో, అదీ.
మొత్తం పట్టిక, వెయ్యిన్నీ నలభై వరుసలు.
మనుషులకు పేర్లు తీసేశారు, ఊళ్లకు అంకెలేశారు.
గాలివానకి రెండుసార్లు ఆగి
గంటకి దిగింది.

దాని పక్కనే ఇంకెవరిదో ఇంకో పట్టిక.
సముద్రాల అవతల చెరకు నరికేవాళ్లది.
వాళ్లకీ షుగరు లేదు, బీపీ లేదు,
వాళ్ల కిడ్నీలూ అలాగే చిన్నబోతున్నాయి.
మా గీతా వాళ్ల గీతా ఒకే బొమ్మలో గీశాడొకాయన.
రెండూ ఒక్కచోటే వంగాయి.
ఎందుకో తెలీదని కింద రాశాడు.
ఆ మాట నాకు నచ్చింది.

వరుసలు చదువుకుంటూ పోయాను.
217. స్త్రీ. యాభై రెండు. ఊరు 9.
క్రియాటినిన్ 6.8.
ఆ అంకెని మొదట చూసింది నేనే.
మిషను తప్పేమోనని రెండోసారి నడిపాను.
రెండోసారీ అదే.
తోలు కింద నరం దొరికినట్టు
అంకెల కింద దొరికింది
బెందాళం కూర్మమ్మప్ప.

పక్క గడిలో, వృత్తి: ఏమీ లేదు.

ఏమీ లేదట!
తెల్లారగట్ల ప్యాసింజరెక్కి పలాస,
పొద్దుగూకాక మళ్లీ ప్యాసింజరు,
ముప్పై ఒక్కేళ్లు.
నల్లగా మాడిన వేళ్లతో కలుపుకోలేక
చారన్నం చెంచాతో తిన్న మనిషి.
రాసుకున్న కుర్రాడు "ఉద్యోగమేమైనా ఉందా అమ్మా" అనుంటాడు.
ఈమె "నేదు నాయినా" అనుంటుంది.
ఇద్దరిదీ తప్పు కాదు.
గడిది.

ముందు ఆమెనే అడిగాను, రాయమంటావా అని.
"రాయి, నాకేటి భయం."
నాలుగు ముక్కల ఇంగ్లీషు, యామిని దిద్దింది:
217వ వరుసలో మనిషి పనిచేసింది.
జీడిపిక్కలు. ముప్పై ఒక్కేళ్లు.
ఇలాంటి ఏమీ లేదులు ఇంకెన్నున్నాయో చూడండి.
పేరు రాయలేదు.

పదహారు రోజులకి పట్టిక రెండో కూర్పు వచ్చింది.
పాతది చెరపలేదు, తప్పుతో సహా పక్కనే ఉంచారు.
అడుగున, చీమలంత అక్షరాల్లో:
మార్పు: ఒక గడి.
మిగతావి చూస్తున్నాం.

ఇన్నేళ్లూ ఇటునించి అటే పోయాయి పెట్టెలు.

నాలుగో మంచం దగ్గర, మిషను తిరుగుతుండగా,
ఫోను చూపించాను.
"నా పేరుందేటి?"
"లేదప్పా. నీ పనుంది."
చదవడం రాని ఆ అక్షరాల్ని
పిక్కల కుప్పని చూసినట్టు చూసింది,
ఎంత తూగుతుందోనని.
"మరి కిలోకెంతిచ్చినారో రాసినారా?"

పట్టిక మళ్లీ తెరిచాను.
కుడివైపు చివరిదాకా జరిపాను.
ఆ గడి లేదు.